ఇద్దరికొక యూరు

వివాహమైన తొలి రెండు మూడు సంవత్సరములలో యువదంపతులు తీసికొను నిర్ణయములలో, ఏ యూర కాపురము పెట్టవలెనన్న నిర్ణయమంత దీర్ఘకాలము వెంటాడునది మఱొకటి లేదు. అయినను దానియంత తొందరగా తేలిపోవునదియు మఱొకటి లేదు. మన తాతల కాలమున ఈ ప్రశ్నకు తావే లేకుండెను: పొలమున్నచోటనే ఇల్లు, ఇల్లున్నచోటనే బ్రతుకు. తండ్రుల కాలమున బదిలీ ఉత్తరువు ఊరిని నిర్ణయించెను. నేడా నిర్ణయము దంపతుల చేతికే వచ్చినది. కాని పెక్కురు ఆ స్వాతంత్ర్యమును గుర్తింపకయే, ఇద్దరిలో నెవరికి ముందుగా నియామకపత్రము వచ్చునో, ఎవరి జీతము పెద్దదో, వారి కార్యాలయమున్న నగరమునకు సామాను సర్దుకొని పోవుచున్నారు. రెండవవారు "ముందు వెళ్దాం, అక్కడికెళ్ళాక నాకూ ఏదో ఒకటి దొరక్కపోదు" అని సమాధానపడుదురు. నా దృష్టిలో నగరమును ఎన్నుకొనుటలో జరుగు పొరపాట్లలో పెద్దది ఆ సమాధానపడుటయే.

1978లో జేకబ్ మిన్సర్ అను అమెరికా ఆర్థికశాస్త్రవేత్త కుటుంబముల వలసను విశ్లేషించుచు ఒక వ్యాసము ప్రకటించెను. కుటుంబము ఊరు మారునపుడు ఇద్దరి లాభనష్టములను కలిపియే చూచుకొనుననియు, ఒకరి లాభము రెండవవారి నష్టమును మించినచో, ఒంటరిగా నుండినయెడల తానెన్నడును పోని యూరికి ఆ రెండవవారు కుటుంబముతో కూడ పోవుదురనియు అతడు నిరూపింప యత్నించెను. లెక్కలో కుటుంబము మొత్తమునకు లాభమే కనబడును. కాని ఆ మొత్తము లోపల ఒక మనిషి వృత్తి క్రమముగా క్షీణించుచుండును. మన దేశమున ఆ మనిషి సాధారణముగా భార్యయే. 2011 జనాభా లెక్కలలో స్త్రీలు ఊరు విడుచుటకు కారణములలో వివాహమే అగ్రస్థానమున నుండుటయు, పురుషుల విషయమున ఉపాధి ప్రధాన కారణములలో నొకటియై యుండుటయు ఈ సందర్భమున స్మరింపదగినవి.

కావున యోచన నగరముల పేర్లతో గాక, ఇద్దరి వృత్తులతో ప్రారంభము కావలెను. ఒక నర్సు తెనాలి నుండి బెంగళూరు పోయినచో, చేతిలో పట్టా యున్నను, కర్ణాటక నర్సింగు కౌన్సిలులో మరల నమోదు చేసికొనక తప్పదు; అక్కడి రోగితో కన్నడమున మాటాడవలెను. జిల్లా కోర్టులో పేరు తెచ్చుకొనుచున్న న్యాయవాదికి కక్షిదారులే ఆస్తి. ఆ యాస్తి లారీ యెక్కి వెంట రాదు. ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయినికి రాష్ట్రము దాటుట అనగా ఉద్యోగము వదలుకొనుటయే. సాఫ్టువేరు ఇంజనీరునకు మాత్రము నాలుగైదు నగరములలో నేదైనను ఒకటే. ఇట్టి యింజనీరు అట్టి ఉపాధ్యాయినిని పెండ్లాడినపుడు, కదలగలవాడే కదలుట న్యాయము. అయినను జీతపు కాగితమును చూచిన యింటిపెద్దలు ఉపాధ్యాయినికే రాజీనామా చేయుమని సలహా యిత్తురు.

ఒక నగరమున ఒక్క ఉద్యోగము దొరకుట చాలదు. అది పోయినచో ఇల్లు మారకుండ మఱొకటి దొరకునా యన్నది చూడవలెను. చదువుకొన్న దంపతులు మహానగరములకే చేరుటకు కారణమిదియేయని డోరా కోస్టా, మాథ్యూ కాన్ అను అర్థశాస్త్రజ్ఞులు 2000 సంవత్సరమున అమెరికా దంపతులను గూర్చి వ్రాసిరి: ఇద్దరికిని తగిన కొలువులు ఒక్కచోటనే దొరకు అవకాశము పెద్ద నగరమునందే హెచ్చు. విశాఖపట్టణము ఓడరేవు, ఉక్కు, నౌకాదళము, ఔషధ పరిశ్రమలలో పనిచేయువారికి నిస్సందేహముగా యోగ్యమైన నగరమే. కాని భార్య యొక జన్యుశాస్త్ర పరిశోధకురాలైనచో హైదరాబాదున తార్నాక, హబ్సిగూడ పరిసరములలోనున్న జాతీయ పరిశోధనశాలలకు సాటి యైనవి ఆమెకచ్చట లభింపవు.

నగరము కుదిరిన పిదప నగరమున నెచ్చట అన్నది రెండవ ప్రశ్న. ఏ యుగమున, ఏ దేశమున చూచినను మానవుడు దినమునకు సుమారొక గంటను మాత్రమే రాకపోకలకు వెచ్చించుచున్నాడని ఇటలీ భౌతికశాస్త్రవేత్త సెజారే మార్కెట్టి 1994లో ప్రతిపాదించెను. మన నగరములలో ఆ గంట ఒక్క వైపునకే చెల్లిపోవుచున్నది. పైన చెప్పిన పరిశోధకురాలు తార్నాకకును, ఆమె భర్త రాయదుర్గమునకును పోవలసియున్నదనుకొందము. ఆయన కార్యాలయపు ప్రక్కనే ఇల్లు తీసికొనినచో ఆమెకు నిత్యము నగరము నీ కొసనుండి ఆ కొసకు ప్రయాణము. నాగోలు నుండి రాయదుర్గము పోవు మెట్రో మార్గము ఆ రెండు చోట్లను తాకుచున్నది గనుక, నడుమనున్న బేగంపేటలోనో అమీర్‌పేటలోనో ఉండినచో శ్రమ ఇద్దరికిని పంచబడును. బెంగళూరున ఒకరు వైట్‌ఫీల్డునను, మఱొకరు ఎలక్ట్రానిక్ సిటీలోను పనిచేయుచున్నచో చిక్కు ఇంకను పెద్దది: 2023లో ఊదారంగు మార్గము వైట్‌ఫీల్డు వరకును, 2025లో పసుపురంగు మార్గము ఎలక్ట్రానిక్ సిటీ మీదుగాను నడిచినను, ఈ కొసనుండి ఆ కొసకు పోవుటకు మెజెస్టిక్కున నొకసారి, ఆర్.వి. రోడ్డున నొకసారి రైలు మారవలెను.

వృత్తుల తరువాతి స్థానమును నేను నీటికిత్తును. అద్దెకు గాదు, వాతావరణమునకు గాదు. దక్షిణాపథమునందలి మహానగరములేవియు తమ ముంగిటి నీటితోనే బ్రతుకుచున్నవి కావు. 1908 సెప్టెంబరున మూసీ పొంగి హైదరాబాదును ముంచివేసిన పిమ్మట, వరద నరికట్టుటకును త్రాగునీటి కొఱకును కట్టిన ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. నేడా రెండును చాలక, కృష్ణా గోదావరుల జలము నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము గొట్టములలో ప్రయాణించి నగరమును చేరుచున్నది. బెంగళూరు సముద్రమట్టమునకు 900 మీటర్ల ఎత్తున నుండుటచే చల్లగా నుండునన్నది యెంత నిజమో, కావేరీజలమును సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి ఆ యెత్తునకు తోడి పంపవలసి వచ్చుచున్నదన్నదియు నంతే నిజము. కావేరి గొట్టము చేరని శివారులు బోరులపై నాధారపడియున్నందున, 2024 వేసవిలో ఆ బోరులెండినపుడు త్రాగునీటితో కార్లు కడుగువారికి 5,000 రూపాయల జరిమానా విధింపవలసిన స్థితి యేర్పడెను. చెన్నై కథ ఇంకను కఠోరము: 2015 డిసెంబరున నీట మునిగిన ఆ నగరమే, 2019 వేసవిలో జలాశయములెండిపోగా, జోలార్‌పేట నుండి రైలుబండ్లపై నీరు తెప్పించుకొనెను. 1983 నాటి ఒడంబడికననుసరించి మన కండలేరు జలాశయము నుండి కాలువవెంట పూండి చేరు కృష్ణాజలము ఆ నగరవాసుల దప్పికను కొంత తీర్చుచున్నదని, అచ్చట కాపురముండు తెలుగువారైన నెఱిగియుండుట మంచిది.

ఇంత దూరమునుండి వచ్చిన నీరు నగరమున ప్రతి వీధికిని సమానముగా పంచబడదు. అద్దె యింటిని చూపు మధ్యవర్తి "నీళ్ళకేం ఢోకా లేదండీ, ఇరవై నాలుగ్గంటలూ వస్తాయి" అనును. సంపులోనికి ఆ నీళ్ళెచ్చటినుండి వచ్చుచున్నవో చెప్పడు. అందుచే అతడు బాల్కనీనుండి దృశ్యము చూపుచుండగనే వంటింటిలోనికి పోయి కుళాయి మూతిని వ్రేలితో తడుమవలెను. తెల్లని గరుకు పేరుకొనియున్నచో అది బోరునీరు, అందులోను ఉప్పునీరు. స్నానాలగదిలో షవరు రంధ్రములు సగము పూడిపోవుట, బకెట్టు లోపలివైపున సున్నము పూసినట్లు చారలు పడుట, గోడ నేలను తాకుచోట రంగు పెచ్చులుగా లేచుట, ఇవి యెవరిని అడుగకయే తెలియవచ్చు సంగతులు. తెలియనిదానిని క్రింద వాచ్‌మన్‌ భార్య నడుగవలెను. "ఎండాకాలంలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయమ్మా?" అన్నచో ఆమె దాచదు: "మొన్న మే నెలల దినాం మూడు దించినం మేడమ్, మెయింటెనెన్సు గూడ పెంచిన్రు" అని చెప్పును. వానకాలమున సెల్లారులోనికి నీరు వచ్చునో రాదో కూడ ఆమెకే తెలియును. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదున పెక్కు కాలనీలు రోజుల తరబడి నీటిలో నిలిచినవి; వానిలో చాలవఱకు చెఱువుల పల్లములలో వెలసినవే. కాలనీ పేరులోనో, బస్టాపు పేరులోనో చెఱువో కుంటయో వినబడినచో రెండుమార్లు విచారించుకొనవలెను.

విశాఖకు ఈ దప్పిక కొంత తక్కువయైనను, సముద్రము పక్కనున్నదన్న సంగతిని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను అందరికిని గుర్తుచేసినది. కర్మాగారములకు చేరువనున్న నివాసముల అపాయమును 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురమున వెలువడిన విషవాయువు చాటినది. సుందరమైన నగరమునందును ఏ వీధిలో నున్నామన్నది ముఖ్యము.

అద్దెల సంగతి అందఱకును తెలిసినదే గనుక విస్తరింపను. ఒక్క మాట మాత్రము గట్టిగా చెప్పదలచితిని: ఇరువురి జీతములను కలిపి చూచుకొని అద్దెయింటి నెన్నుకొనరాదు, ఇద్దరిలో తక్కువ జీతమొక్కటియే మిగిలినను చెల్లింపగల యింటినే తీసికొనవలెను, ఏలయన ఊరు మారిన తొలి యేట ఒకరి యుద్యోగము ఊగిసలాడుట సర్వసాధారణము. అడ్వాన్సును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. కేంద్రము 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాసగృహములకు రెండు నెలల అద్దెను మించి అడ్వాన్సు తీసికొనరాదన్నను, అది రాష్ట్రములు స్వీకరించిననే అమలగును. బెంగళూరున పది నెలల అద్దెను ముందుగా పుచ్చుకొను ఆచారము చిరకాలము సాగినది.

కన్నవారి యూరికెంత దూరమన్నది యువకులు చివర చూచు విషయము; నేను దానిని మధ్యకు తెత్తును. హిందూపురము వారికి బెంగళూరు ఒక పూట ప్రయాణము. నెల్లూరు వారికి చెన్నై కూడ నంతే. శ్రీకాకుళము వారికి బెంగళూరు వేయి కిలోమీటర్లకు పైమాట. సంక్రాంతికి టిక్కెట్టు దొరకకుండుట చిన్న కష్టమే. కాని తొలికాన్పు తరువాత ఉద్యోగమునకు మరల పోవలసిన తల్లికి, అమ్మయో అత్తయ్యయో ఒక రాత్రి రైలులో వచ్చి చేరగల దూరమున నుండుటయో లేకుండుటయో పెక్కుసార్లు ఉద్యోగము నిలుచుటకును పోవుటకును కారణమగుచున్నది. గోదావరి ఎక్స్‌ప్రెస్సున సాయంకాలము విశాఖలో ఎక్కి తెల్లవాఱుసరికి సికింద్రాబాదున మనుమని ఉయ్యాల చెంతకు చేరుకొను అమ్మమ్మల నడుగుడు, దూరమనగా నేమో చెప్పుదురు.

రాష్ట్రము దాటువారు ఆలోచింపవలసినది మఱొకటి కలదు. పిల్లలు పుట్టకమునుపు ఎవరికిని తోచదు. రాజ్యాంగపు 371-డి అధికరణము ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి యుత్తరువు, మన విద్యాసంస్థలలో 85 శాతము సీట్లను స్థానికులకు కేటాయించి, అర్హత పరీక్షతో ముగియునట్లు వరుసగా నాలుగు విద్యాసంవత్సరములు ఆ ప్రాంతమున చదువుటను స్థానికతకు ప్రధానమైన కొలమానముగ నిర్ణయించినది. పుణెలోనో చెన్నైలోనో ఇంటర్మీడియెటు వరకు చదివిన తెలుగు బాలుడు స్వరాష్ట్రమునకు తిరిగివచ్చి వైద్యవిద్య చదువగోరినపుడు ఈ నిబంధన అతనికి అడ్డుపడవచ్చును. తొమ్మిదవ తరగతికి పూర్వమే ఎచ్చట స్థిరపడవలెనో తేల్చుకొనుట మేలు. భాష సంగతియు నట్టిదే: తమిళనాడు 2006లోను, కర్ణాటక 2015లోను, తెలంగాణ 2018లోను తమ తమ భాషలను పాఠశాలలలో నేర్పి తీరవలెనని చట్టములు చేసినవి. ఇది భారమని నేననుకొనను. కన్నడలిపి తెలుగులిపికి తోబుట్టువు; పిల్లవానితోపాటు తల్లిదండ్రులును నేర్చుకొనినచో కూరగాయల బండి వద్దనే ఆ నగరము సొంతమగును.

తుదినిర్ణయమునకు ముందు ఇద్దరును కలిసి ఒకసారి ఆ నగరమున కొన్నాళ్ళుండి చూడవలెను. పండుగ సెలవులలో గాదు, ఏప్రిల్ మాసాంతమున, పనిదినములలో, కార్యాలయపు వేళకు బస్సో మెట్రోయో ఎక్కి. రాత్రి ఎనిమిది గంటలకు స్టేషను నుండి ఇంటిదాక భార్య ఒంటరిగా నడిచి చూడవలెను. వీధిదీపములున్నవో లేవో, కాలిబాటయున్నదో లేదో, ఆ నడక ఆమెకు నచ్చినదో లేదో ఆమెయే చెప్పవలెను. ఏడాదిని మించిన కౌలు పత్రమును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము నమోదు చేయింపవలసియుండుటచే, మన యజమానులు పదకొండు నెలలకే ఒప్పందము వ్రాయుచున్నారు. ఆ పదకొండు నెలలలో ఒక వేసవియు ఒక వానకాలమును గడచును. అంతవఱకు ఫ్లాటు కొనరాదు, ఇరువది యేండ్ల ఋణము నెత్తికెత్తుకొనరాదు. ఒప్పందము ముగియువేళకు రెండవవారికిని తన చదువునకు తగిన పని దొరకియుండినచో ఉండుడు. దొరకనిచో, ఈసారి వెదకుట ఆ రెండవవారి అర్హతలను ముందుంచుకొని మొదలుపెట్టుడు.