మడమ విరిగినప్పుడు ఎక్స్‌రే ఏం చెబుతుంది?

కోణాల పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘‘సార్, ఈ కోణమానితో మనకేం పని?’’ చాలా ఏళ్లు వడ్రంగం పేరు, ఇంటి పునాది పేరు చెప్పి గట్టెక్కాం. తెలిసిన తాపీ మేస్త్రీ ఒకరి ఎక్స్‌రే చూశాక మాకు ఇంకో జవాబు దొరికింది.

ఆయన పరంజా మీద నుంచి జారి, నిలువుగా రెండు కాళ్ల మీద పడ్డారు. రక్తం రాలేదు. ఎముక బయటికి పొడుచుకు రాలేదు. కుడి మడమ మాత్రం బాగా వాచి, అరికాలు నల్లగా కమిలింది. ‘బెణికింది, కట్టు కట్టిస్తే సరిపోతుంది’ అన్నారు అందరూ. ఆ అన్నవాళ్లలో మేమూ ఉన్నాం. పసరు కట్టుతో ఇరవై రోజులు గడిచాయి. నొప్పి తగ్గక ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరుగారు ఫిల్మ్ చూసి ‘‘మొదటి వారంలోనే వచ్చి ఉంటే చిన్న రంధ్రాలతో సరిచేసే వీలుండేది, ఇప్పుడు ఆ దారి లేదు’’ అన్నారు. ఆ మాట మమ్మల్ని చాలాకాలం పట్టుకుంది. ఎందుకలా అన్నారో అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. మార్కాపురం పలకల గనుల్లో దిగేవారు, గిద్దలూరు, కంభం వైపు మిద్దెల మీద పనిచేసేవారు, చింతచెట్లు, కరెంటు స్తంభాలు ఎక్కేవారు మనలో ఎందరో ఉన్నారు. వారి ఇళ్లలో ఈ సంగతి తెలిసి ఉండాలి.

మడమ ఎముకను వైద్యులు కాల్కేనియం అంటారు. పైకి గట్టి పెంకు, లోపల తేనెపట్టులా గుల్ల. దాని నెత్తిన టాలస్ అనే ఎముక కూర్చుని ఉంటుంది. ఎత్తు నుంచి పడినప్పుడు ఒంటి బరువంతా టాలస్ ద్వారా ఉలిదెబ్బలా దిగి, కింది ఎముకను అణగదొక్కుతుంది. మడమ ఎత్తు తగ్గుతుంది, పక్కలకు వెడల్పవుతుంది, రెండు ఎముకల మధ్య కీలు కుంగుతుంది. పాదాన్ని అటూ ఇటూ వంచే కీలు అది. పొలం గట్టు మీద, రాళ్ల నేల మీద తడబడకుండా నడుస్తున్నామంటే దాని చలవే. నమాజులో సజ్దా నుంచి లేచి ఎడమ పాదం పరిచి కూర్చోవడానికీ అది సాయపడాలి.

ఇక కోణం సంగతి. పాదాన్ని పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో మడమ ఎముక పైఅంచున మూడు ఎత్తైన చోట్లు కనిపిస్తాయి: ముందు కొన, మధ్యలో కీలు దగ్గర, వెనుక కొన. ముందు కొన నుంచి మధ్య బిందువుకు ఒక గీత గీసి, దాన్ని అలాగే వెనక్కి పొడిగించాలి. మధ్య బిందువు నుంచి వెనుక కొనకు ఇంకో గీత గీయాలి. వెనుక వైపు ఈ రెండు గీతల మధ్య ఏర్పడే కోణం మామూలు మడమలో 20 నుంచి 40 డిగ్రీలు ఉంటుంది. వియన్నా వైద్యుడు లోరెంజ్ బోలర్ 1931లో దీన్ని వివరించాడు కనుక బోలర్ కోణం అంటారు. మడమ కుంగితే కోణం తగ్గుతుంది. ఒక్కోసారి సున్నాకు, ఇంకా కిందికి కూడా పోతుంది. పలక మీద గీసి చూపిస్తే ఆరో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్‌లో ఎముకను తెరిచి చూడరు. డాక్టరుకు అక్కడ కన్ను ఎక్స్‌రేనే. ఇంగ్లీషు ‘సి’ అక్షరం ఆకారంలో ఉండే సి-ఆర్మ్ యంత్రం ఒక కొన నుంచి కిరణాలు పంపి, రెండో కొనతో అందుకుని, బొమ్మను అప్పటికప్పుడే తెర మీద చూపుతుంది. మడమ వెనుక భాగంలోకి ఒక పిన్ను దించి, దాన్ని పట్టుకుని లాగి, తగ్గిన ఎత్తును తిరిగి తెస్తారు. ఇంకో చిన్న రంధ్రం గుండా సన్నని కడ్డీ పంపి, కుంగిన కీలు ముక్కను పైకి నెడతారు. అది సరిగ్గా లేచిందో లేదో తెర మీద చూస్తారు. తర్వాత సన్నని తీగ గుచ్చి, దారి సరైనదని తేలాక, నడుమ బోలుగా ఉండే స్క్రూను ఆ తీగ మీదుగానే బిగిస్తారు.

ఇందులో ఒకవైపు బొమ్మ చాలదు. గాజు గ్లాసు వెనుక పుల్లను పట్టుకుని ఎదురుగా చూస్తే గ్లాసులో ఉన్నట్టే ఉంటుంది. పైనుంచి చూస్తే బయట ఉందని తెలుస్తుంది. స్క్రూ కూడా అంతే. పక్క బొమ్మలో ఎముకలోనే ఉన్నట్టు కనిపించి, నిజానికి పక్కకు పొడుచుకు వచ్చి ఉండవచ్చు. మడమ లోపలి వైపు నరాలు, రక్తనాళాలు, వేళ్లను వంచే కండరాల తంతువులు ఉంటాయి. అందుకే పక్క నుంచీ, మడమ వెనుక నుంచీ, కీలు కనబడేలా పాదాన్ని ఏటవాలుగా తిప్పీ చూస్తారు.

ఈ పద్ధతికి తొందర అవసరం. మొదటి రోజుల్లో ముక్కలు లాగితే కదులుతాయి. రెండు వారాలు దాటేసరికి గడ్డకట్టిన రక్తం గట్టిపడి, ముక్కలు ఉన్నచోటే అతుక్కోవడం మొదలవుతుంది. అప్పుడు మడమ పక్కన పెద్ద కోత పెట్టి తెరవాల్సి రావచ్చు. అక్కడి చర్మం పలచన కనుక పుండు మానక చీము పట్టే భయం ఉంది. చక్కెర జబ్బు ఉన్నవారికి, బీడీ, సిగరెట్ తాగేవారికి అది మరీ ఎక్కువ.

అలాగని ప్రతి మడమకూ స్క్రూలు వేయించాలని మేము అనడం లేదు. ముక్కలు కదలకపోతే ఆపరేషన్ లేకుండానే మానుతుంది. పెద్ద కోతతో చేసే ఆపరేషన్ వల్ల, మరీ వికృతంగా మారని మడమల్లో, రెండేళ్ల తర్వాత చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదని బ్రిటన్‌లో జరిగి 2014లో అచ్చయిన పరిశోధన తేల్చింది. ఏది తగునో ఎముకల డాక్టరే తేల్చాలి. అవసరమైతే సీటీ స్కాన్ కూడా తీయిస్తారు. కానీ ఆయన తేల్చాలంటే మనిషి సకాలంలో ఆయన ముందుండాలి కదా.

కాబట్టి ఎవరైనా ఎత్తు నుంచి కాళ్ల మీద పడితే నడిపించవద్దు, తోమవద్దు, నూనె మర్దనా చేయవద్దు. కాలు ఎత్తులో పెట్టి, 108కు ఫోన్ చేయండి. నడుము నొప్పి అంటే లేపి కూర్చోబెట్టవద్దు. ఇలా పడి మడమ విరిగినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి నడుము దగ్గర వెన్నుపూస కూడా దెబ్బతింటుంది, కొందరికి రెండో మడమ కూడా విరుగుతుంది. అవి కూడా చూడమని డాక్టరును అడగండి. మార్కాపురం నుంచి ఒంగోలుకు దాదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరు వారికి నల్లమల దాటి నంద్యాల దగ్గర. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో అక్కడి వైద్యమిత్రను చేరిన రోజే అడగండి, రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. గర్భిణి అయితే ఎక్స్‌రేకు ముందే ఆ మాట చెప్పాలి.

స్క్రూలు వేశారు కదా అని వెంటనే కాలు మోపకూడదు. ఆరు నుంచి పన్నెండు వారాల దాకా, డాక్టరు చెప్పేవరకు, ఆ కాలిపై బరువు పడకూడదు. ఆ రోజుల్లో ఇంటి ఖర్చుకు ఏం చేస్తారని మన సొసైటీ పెద్దలు ముందుగా అడిగితే బాగుంటుంది. మేస్త్రీలు తొందరపడి పనిలోకి దిగేది అందుకే.