తెల్లారేసరికి రెప్పలు వాచాయా?

సంక్రాంతి వెళ్ళి మామిడి పూత మీదికి వచ్చే రోజుల నుంచి మళ్ళీ తొలకరి పడేదాకా మా ఓ.పి.లో చీటీలు రాసే బల్ల దగ్గర ఒక మాట తరచుగా వినబడుతూ ఉంటుంది. "సిస్టరమ్మా, రాత్రి బాగానే పడుకున్నాను. తెల్లారేసరికి కళ్ళు ఇలా అయిపోయాయి." అడ్డం పెట్టుకున్న కొంగు తీస్తే రెప్పలు రెండూ బూరెల్లా ఉబ్బి, మధ్యన కన్ను సన్నని గీతలా కనబడుతుంది. వెంట వచ్చినవారు వెంటనే అందుకుని పురుగు కుట్టిందనో, వేడి చేసిందనో, దిష్టి తగిలిందనో చెబుతారు. పురుగు కుట్టడం కొన్నిసార్లు నిజమే. కానీ రెండు కళ్ళూ వాచి, విపరీతమైన దురద ఉండి, నీరు కారుతూ ఉంటే ఎక్కువసార్లు అది ఎలర్జీ.

ఎలర్జీ అనే పేరును 1906లో ఆస్ట్రియా దేశపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పెట్టాడు. మన ఇళ్ళలో "నాకు వంకాయ పడదు" అనే మాటకు ఆ పేరుతో పని లేకపోయింది. "పడకపోవడం" అన్నది చక్కటి మాట. తప్పు వంకాయది కాదు, అది మిగతా అందరికీ పడుతుంది. ఆ ఒక్క మనిషి శరీరం మాత్రం దానిని శత్రువుగా లెక్క వేసుకుంటుంది.

రెప్పలే ఎందుకు ఇంతగా ఉబ్బుతాయని చాలామంది అడుగుతారు. ఒంట్లో అన్నిటికంటే పలచని చర్మం రెప్పలదే, సుమారు అర మిల్లీమీటరు మందం. దాని కింద కొవ్వు పట్టు లేకుండా వదులుగా ఉండే పొర ఉంటుంది. పడని వస్తువు తగిలినప్పుడు అక్కడ కాపలా ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. సన్నని రక్తనాళాలు దానివల్ల వదులై, వాటిలోని నీరు బయటికి ఊరుతుంది. అరచేతిలో అంతే నీరు ఊరినా పైకి తెలియదు, రెప్పలో అయితే బుడగలా నిలబడుతుంది. రాత్రంతా పడుకుని ఉంటాం కనుక ఆ నీరు కిందికి దిగదు. అందుకే వాపు పొద్దున ఎక్కువగా, మధ్యాహ్నానికి కాస్త తగ్గినట్టుగా కనబడుతుంది. దురదకు కూడా ఆ హిస్టమినే కారణం. దురద అని నలిపితే ఆ కణాలు ఇంకా పగిలి ఇంకా హిస్టమిన్ వస్తుంది. నలిపిన కొద్దీ హాయిగా ఉన్నట్టుంటుంది, వాపు మాత్రం పెరుగుతుంది.

కారణం వెతకడంలో సగం పని మీదే. డాక్టరు గారు మీ కన్ను చూడగలరు గానీ, నిన్న మీరు ఏ పని చేశారో చూడలేరు కదా. దుమ్ము, పుప్పొడి, కుక్క పిల్లి బొచ్చు వంటివి తగిలితే నిమిషాల్లోనే దురద, నీరు మొదలవుతాయి. దిండులోను, పరుపులోను ఉండే, కంటికి కనబడని నల్లివంటి సూక్ష్మజీవుల వల్ల అయితే తెల్లవారుజామున ఎక్కువ. ఇవి తొందరగా పట్టుబడతాయి. పట్టుబడనివి రెండో రకం. వస్తువు తగిలిన ఒకటి రెండు రోజుల తరువాత గానీ రెప్పలు ఎర్రబడవు. చర్మం మందంగా, పొట్టు లేచినట్టుగా అయి, మంట పెడుతుంది. అప్పటికి ఆ వస్తువు సంగతే మనిషి మరిచిపోయి ఉంటాడు.

ఈ రెండో రకంలో మేము ఎక్కువగా చూసేది జుట్టు రంగు. పండుగకో పెళ్ళికో తలకు, మీసాలకు నల్లరంగు వేసుకుంటారు. తల మీద చర్మం మందం కనుక అక్కడ ఏమీ కాకపోవచ్చు. రెండో రోజుకు కళ్ళు మూసుకుపోతాయి. ఫోటోలో నల్లని మీసమూ ఉంటుంది, నల్లని కళ్ళద్దాలూ ఉంటాయి! చాలా రంగుల్లో ఉండే పారా ఫినైలీన్ డయామిన్ అనే రసాయనం దీనికి కారణం. నల్ల గోరింటాకు, నల్ల మెహెందీ అని అమ్మే వాటిలో కూడా దానిని కలుపుతారు. పెరట్లో నూరుకునే ఎర్ర గోరింటాకు వేరు, అది ఎవరికో గానీ పడకపోదు. "పదేళ్ళుగా ఇదే రంగు వేస్తున్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదు" అని కొందరు వాదిస్తారు. ఎలర్జీ మొదటి రోజే రావాలని లేదు, పదేళ్ళ తరువాత కూడా మొదలవుతుంది. ఒకసారి మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, ప్రతిసారీ ముందటికంటే ఎక్కువగా రావచ్చు. అలాంటివారు కంపెనీ మార్చి ప్రయోజనం లేదు, ఆ రసాయనం ఉన్న రంగే మానాలి. కొత్తగా వేసుకునేవారు చెవి వెనుక చుక్కంత రాసి 48 గంటలు చూడాలి. పాకెట్టు మీద కూడా ఈ మాట చిన్న అక్షరాలతో ఉంటుంది, దానిని చదివేవారు తక్కువ.

గోళ్ళరంగు కూడా ఇలాంటిదే. గోటికి ఏమీ కాదు, ఆ చేత్తో కన్ను తుడుచుకున్నప్పుడు రెప్పకు అవుతుంది. కాటుక, కంటికి వేసే రంగులు, ముఖానికి రాసే తెల్లబరిచే క్రీములు, వాసన సబ్బులు ఇవన్నీ అనుమానించదగినవే. చివరికి కంటి మందే పడకపోవచ్చు. నియోమైసిన్ కలిసిన చుక్కలు, ఆయింట్‌మెంట్లు కొందరికి పడవు. మందు వేసిన కొద్దీ రెప్ప ఇంకా ఎర్రబడుతుంటే, మందు చాలలేదని మరో చుక్క వేయకుండా, ఆ సీసా పట్టుకుని రండి.

పొలం పనికి వెళ్ళేవారు వయ్యారిభామ గురించి తెలుసుకోవాలి. పేరు ఒయ్యారంగానే ఉంది గానీ దాని పని అంతా హింస. మన దేశంలో దీనిని 1950లలో పూణె ప్రాంతంలో గుర్తించారు. ఇప్పుడు మన గట్ల మీద, రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో అది లేని చోటు లేదు. తెల్లని చిన్న పూలు పూసే ఈ మొక్క పొడి గాలిలో తేలి వచ్చి రెప్పలు, మెడ, మోచేతి మడతల్లో పేరుకుంటుంది. ఏళ్ళ తరబడి ఎండ వల్లనే అనుకుని గొడుగు పట్టుకు తిరిగినవారు ఉన్నారు. పొలానికి పోయిన రోజుల్లో ఎక్కువై, పది రోజులు ఊరు వెళితే తగ్గిందంటే దానిని అనుమానించాలి. ఇంటి చుట్టూ ఉన్న మొక్కలను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పీకించండి. ఎలర్జీ ఉన్న మనిషి మాత్రం ఆ పనికి దిగకూడదు.

ఒంటినొప్పులకని షాపులో కొనుక్కునే మాత్రల సంగతి కూడా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి కొందరికి పడక, వేసుకున్న కొద్ది గంటల్లో రెప్పలు వాస్తాయి. సల్ఫా మందులు, కొన్ని యాంటీబయోటిక్కులు కూడా అంతే. "ఏం మాత్ర వేసుకున్నారు?" అంటే "తెల్లది, గుండ్రంది" అంటారు. మా మందుల గదిలో తెల్లగా గుండ్రంగా ఉండేవి లెక్కలేనన్ని. దయచేసి అట్ట తీసుకుని రండి. పడని మందు పేరు ఒక కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకోండి. మేము ఆ పేరును కేసుషీటు పైన ఎర్ర సిరాతో రాస్తాం. రేపు స్పృహ లేని స్థితిలో మిమ్మల్ని ఇంకో ఆస్పత్రికి తీసుకువెళితే మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

ఇంటి దగ్గర వెంటనే చేయగలిగినవి ఖరీదైనవేమీ కావు. ముఖం, రెప్పలు మంచినీళ్ళతో కడుక్కోవాలి. శుభ్రమైన మెత్తని గుడ్డను కుండనీళ్ళలో తడిపి, పిండి, మూసిన రెప్పల మీద ఐదు పది నిమిషాలు ఉంచాలి. రోజుకు నాలుగైదు సార్లు చేయవచ్చు. ఐసు ముక్కను నేరుగా పెట్టకండి, అంత పలచని చర్మం చలికి కూడా దెబ్బ తింటుంది. ఇద్దరికి ఒకే గుడ్డ వాడకండి. తల కింద ఇంకో దిండు వేసుకుంటే పొద్దుటి వాపు కొంత తగ్గుతుంది. దిండు గలీబులను వారానికి ఒకసారి బాగా వేడినీళ్ళలో ఉతకాలి. బయటి నుంచి వచ్చాక స్నానం చేసి, ఆ దుమ్ము తలతో మంచం ఎక్కకుండా ఉంటే సగం బాధ అక్కడే పోతుంది. దురద తగ్గడానికి సెట్రిజిన్ వంటి మాత్రలు, ఒలోపటడిన్ వంటి చుక్కలు ఉన్నాయి. గర్భిణులకు, పసిపిల్లలకు అడగకుండా ఇవ్వకండి. పాతకాలపు ఏవిల్ వంటి మాత్రలు గట్టిగా మత్తునిస్తాయి, సెట్రిజిన్ కూడా కొందరికి నిద్ర తెస్తుంది. ఆటో నడిపేవారు, మిషను మీద పని చేసేవారు ఈ మాట మరవకూడదు.

చనుబాలు, ఆముదం, ఉల్లిరసం, తేనె, ఆకుపసరు కంట్లో పోయకండి. పెద్దవాళ్ళ మీద గౌరవం లేక చెప్పడం లేదు. పసరు వేసిన తరువాత నల్లగుడ్డు మీద పుండు పడి వచ్చినవారికి కట్టు కట్టిన చేతులు మావి. కంటి కురుపుకు వేడి కాపడం, ఎలర్జీ వాపుకు చల్లని గుడ్డ. కురుపు అయితే రెప్ప అంచున ఒకచోట గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది, దురద ప్రధానంగా ఉండదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తున్నాం. వేసవిలో ఐదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలకు, అందులో మగపిల్లలకు ఎక్కువగా, వెర్నల్ అనే ఎలర్జీ వస్తుంది. కళ్ళు నలుపుకుంటూనే ఉంటారు, తెల్లని దారంలా పుసులు సాగుతాయి, ఎండ చూడలేరు. పెద్దయ్యేకొద్దీ చాలామందికి అదే తగ్గిపోతుంది. తగ్గేలోపు ఏం వేస్తున్నాం అన్నదే ప్రశ్న. మేము చూసినవారిలో పదమూడేళ్ళ బాబు ఒకడున్నాడు. ఎప్పుడో ఒక డాక్టరు వారం రోజులకు రాసిన చీటీని ఇంట్లోవాళ్ళు దాచి, రెండు వేసవులు అదే చూపించి షాపులో అదే సీసా కొన్నారు. "ఆ చుక్క వేస్తే ఒక్క పూటలో హాయిగా ఉండేది సిస్టర్" అంది తల్లి. నిజమే, అది స్టిరాయిడ్ చుక్క. అంత బాగా పని చేస్తుంది కాబట్టే దానిని ఆపబుద్ధి కాదు. బాబు బడిలో ముందు బెంచీకి మారాడు, తరువాత పక్కవాడి పుస్తకం చూసి రాసుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరు గారు కొలిస్తే కంటిలోని ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంది. దానినే గ్లాకోమా, నీటికాసుల వ్యాధి అంటారు. ఇలా నెమ్మదిగా వచ్చేది నొప్పి పెట్టదు, చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. పోయిన చూపు ఆ బాబుకు తిరిగి రాలేదు. మిగిలినది కాపాడుకోవడానికి ఇప్పుడు రోజూ వేరే చుక్కలు వేస్తున్నారు.

స్టిరాయిడ్ చెడ్డ మందు కాదు. అవసరమైనప్పుడు డాక్టరు గారు కొద్ది రోజులకు రాస్తారు, మధ్యలో ఒత్తిడి కొలుస్తారు. చీటీ మీద ఎన్ని రోజులు రాసి ఉంటే అన్ని రోజులే. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసలోన్ అనే పేర్లు ఉంటే అది స్టిరాయిడ్. ఇంగ్లీషు చదవలేనివారు మమ్మల్ని అడగండి, చదివి చెప్పడానికి మాకు విసుగు లేదు. రెప్పల మీద రాసే స్టిరాయిడ్ క్రీములకు కూడా ఇదే వర్తిస్తుంది. ఎక్కువకాలం వాడితే శుక్లాలు కూడా రావచ్చు.

రెప్పల వాపు అంతా ఎలర్జీ కాదు. దురద లేకుండా, పిల్లవాడి ముఖం పొద్దున ఉబ్బి, పాదాలు కూడా పొంగి, మూత్రం తక్కువగా లేదా నురగగా వస్తుంటే అది మూత్రపిండాల జబ్బు కావచ్చు. ఒక చిన్న మూత్ర పరీక్షతో తెలుస్తుంది. ఒక కన్నే ఎర్రగా, వేడిగా, నొప్పిగా వాచి, జ్వరం ఉండి, గుడ్డు కదపలేకపోతున్నా, ముందుకు వచ్చినట్టున్నా, చూపు మసకబారినా ఆ రోజే తీసుకురండి. అది చీము పట్టే జబ్బు, తెల్లారేదాకా ఆగదు. రెప్పలతో పాటు పెదవులు, నాలుక వాచి, గొంతు బిగుసుకుని, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా వెంటనే 108కి ఫోను చేయండి. బి.పి.కి ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలు వాడేవారికి దురద లేకుండానే పెదవులు, రెప్పలు, నాలుక వాయవచ్చు. మాత్ర మొదలుపెట్టిన నెలల తరువాత కూడా ఇది రావచ్చు. తరువాతి మాత్ర వేసుకోకముందే ఆస్పత్రికి రండి.

చుక్కలు వేసే పద్ధతి ఒక్కటి చెప్పి ముగిస్తాం. ముందు చేతులు కడుక్కోండి. కింది రెప్పను మెల్లగా లాగితే చిన్న జేబులా అవుతుంది, అందులో ఒక్క చుక్క చాలు. రెండోది చెంప మీదికే పోతుంది. సీసా మూతి రెప్పకు తగలకూడదు. కన్ను మూసి, ముక్కు వైపు మూలన వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు గొంతులోకి దిగదు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. మూత తీసిన తేదీ సీసా మీద రాయండి, నెల దాటితే పారవేయండి. ఒకరి సీసా ఇంకొకరికి వేయకండి. పిల్లలు కన్ను తెరవమని మారాం చేస్తే పోట్లాడకండి. వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, ముక్కు పక్క మూలన చుక్క వేసి, "ఇప్పుడు చూడు, పైన ఏముందో" అనండి. కన్ను తెరిచినప్పుడు మందు దానంతట అదే లోపలికి జారుతుంది.