పశువుల ఎక్స్‌రే బొమ్మ సరిగా రాకపోతే కారణమేమిటి?



దుక్కిటెద్దు కుంటుతున్నది. కాలు వాచినది. ఎముక విరిగినదా, కీలు బెణికినదా పైకి తెలియదు. విరిగినదైతే కట్టు కట్టించి, వారాల తరబడి కొట్టంలో కదలకుండా ఉంచవలెను. బెణుకైతే కొద్దిరోజుల విశ్రాంతి చాలవచ్చు. ఈ రెండింటినీ వేరుచేసి చూపేది ఎక్స్‌రే బొమ్మ. ఆ బొమ్మ మసకగా వచ్చినదనుకోండి. సన్నని పగులు అందులో కనిపించదు. ఏమీ లేదనుకొని ఎద్దును కాడికి కడతాము. నాలుగు చాళ్లు తిరిగేసరికి పగులు కాస్తా విరిగి కూర్చుంటుంది. లేదా బొమ్మమీద పడిన మట్టి నీడను చూసి ఎముక ముక్క అనుకొని, బాగుపడవలసిన ఎద్దును సంతకు తోలుతాము. కాబట్టి బొమ్మ బాగా రావడమనేది డాక్టరుగారి వ్యవహారం మాత్రమే కాదు, మనది కూడాను.

బొమ్మ చెడితే మొదట అందరూ అనేమాట, "మిషను పాతదండీ" అని. కావచ్చును. కాని చాలాసార్లు తప్పు మిషనులో ఉండదు. పశువు కదలడంలోనో, గిట్టకు అంటిన బురదలోనో, కరెంటులోనో, ఫిలిము కడిగే నీళ్లలోనో ఉంటుంది. ఎక్కడ ఉన్నదో ఆ చెడిన బొమ్మే చెపుతుంది. దానిని పారవేయకుండా ఒక్క నిమిషం పరీక్షగా చూడవలెను.

ఎక్స్‌రే కిరణాలను 1895వ సంవత్సరం నవంబరులో జర్మనీ దేశస్థుడైన రాంట్‌జెన్ అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. ఇవి కంటికి కనిపించవు. మాంసంలోనుంచి సులువుగా దూసుకుపోతవి, ఎముక దగ్గర చాలావరకు ఆగిపోతవి. వెనుక ఉంచిన ఫిలిముమీద, కిరణాలు తగిలినచోట నలుపు, ఆగినచోట తెలుపు పడుతుంది. అంటే ఎక్స్‌రే బొమ్మ ఒక నీడ. రాత్రిపూట దీపం ముందు చెయ్యి పెడితే గోడమీద నీడ పడుతుంది గదా. చెయ్యి గోడకు దగ్గరగా ఉంటే నీడ స్ఫుటంగా ఉంటుంది. దూరంగా ఉంటే పెద్దదై అంచులు చెదురుతవి. చెయ్యి కదిలితే నీడ కదులుతుంది. చెయ్యి వంకరగా పెడితే నీడ వంకర. ఎక్స్‌రేకు కూడా ఇదే ధర్మం.

ఇప్పుడు ఒక్కొక్క లోపమే తీసుకుందాము.

మొదటిది, బొమ్మ చెదిరి ఉండడం. బొమ్మ తీసేటప్పుడు కుడి ఎడమలు తెలియడానికి కాసెట్టుమీద ఒక సీసపు అక్షరం పెడతారు. ముందుగా ఆ అక్షరాన్ని చూడండి. అక్షరం స్ఫుటంగా ఉండి ఎముక చెదిరితే, కదిలినది పశువు. అక్షరం కూడా చెదిరితే కాసెట్టు కదిలి ఉండాలి, లేదా చేతపట్టుకున్న మిషను ఊగి ఉండాలి. ఏ పశువుకు తీసినా ఫిలిములో ఒకేచోట చెదురుతూ ఉంటే, ఆ కాసెట్టు లోపలి తెర ఫిలిముకు గట్టిగా ఆనడం లేదన్నమాట.

పశువు కదలడానికి విరుగుడు రెండు విధాలు. ఒకటి, దానిని కదలకుండా నిలపడం. రెండవది, అది కదిలేలోపలే బొమ్మ తీసివేయడం. కిరణాల మొత్తం రెండింటిమీద ఆధారపడుతుంది: మిల్లీయాంపియర్లు, సెకన్లు. నూరు మిల్లీయాంపియర్లతో సెకనులో పదవవంతు తీసినా, పది మిల్లీయాంపియర్లతో ఒక సెకను తీసినా కిరణాల మొత్తం ఒక్కటే. కాని నొప్పితో ఉన్న ఎద్దు ఒక సెకను కదలకుండా నిలుస్తుందా? నిలవదు. అందుకని కాలం ఎంత తక్కువైతే అంత మంచిది. ఊళ్లకు తెచ్చే చిన్న మిషన్లకు మిల్లీయాంపియర్లు తక్కువ. అప్పుడు ఒక ఉపాయం ఉన్నది. కిలోవోల్టులను నూటికి పదిహేను వంతులు పెంచితే కాలాన్ని సగానికి తగ్గించవచ్చును. అరవై కిలోవోల్టులను సుమారు డెబ్బైకి పెంచి, సెకనులో అయిదవవంతును పదవవంతు చేయవచ్చు. నలుపు తెలుపుల తేడా కొంచెం తగ్గుతుంది గాని, చెదిరిన బొమ్మకంటె అది నయం.

రెండవది, బొమ్మ తెల్లగా పాలిపోవడం. దీనికి కారణాలు రెండు: కిరణాలు చాలకపోవడం, ఫిలిమును కడగడం చాలకపోవడం. ఏది కారణమో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉన్నది. పశువు శరీరం లేనిచోట, కిరణాలు నేరుగా ఫిలిముకు తగిలిన భాగం చూడండి. అది కారునలుపుగా ఉండవలెను. దాని వెనుక వేలు పెట్టి వెలుతురుకు ఎత్తండి. వేలు కనిపిస్తే నలుపు చాలలేదు, డెవలపరు పని పూర్తిచేయలేదు అని అనుమానించవలెను. చుట్టూ కారునలుపుగా ఉండి, శరీరం మాత్రం తెల్లగా ముద్దకట్టినట్లుంటే కిరణాలు శరీరంలోకి చొరలేదు. కిలోవోల్టులు పెంచవలసినది అప్పుడే. ఈ తేడా చూడకుండా, పాడైన డెవలపరును తొట్టిలోనే ఉంచుకొని మిషను శక్తి పెంచుకుంటూ పోతే, పశువుకు, మనుషులకు కిరణాలు ఎక్కువ తగలడమే గాని బొమ్మ బాగుపడదు.

కిరణాలు చాలకపోవడానికి పల్లెల్లో మరో కారణం కరెంటు. మోటార్లన్నీ ఆడుతున్న వేళ వోల్టేజి పడిపోతుంది. దానికితోడు సన్నని తీగ పొడవుగా లాగి మిషనుకు కలిపితే ఇంకా పడుతుంది. ఒకే అంకెలు పెట్టినా ఉదయం తీసిన బొమ్మ నల్లగా, సాయంత్రం తీసినది తెల్లగా వచ్చినదంటే కరెంటును అనుమానించండి. లావుపాటి తీగ వాడండి, పొడవు తగ్గించండి. ఇక దూరం సంగతి. ఎద్దు తన్నుతుందని మిషనును వెనక్కు జరుపుతారు. నూరు సెంటీమీటర్ల దూరాన్ని రెండువందలు చేస్తే, కిరణాల బలం సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. అందుచేత ప్రతిసారీ టేపుతో కొలవడం మంచిది.

మూడవది, బొమ్మ అంతా బూడిదరంగుగా, మంచు పట్టినట్లు ఉండడం. శరీరం లావుగా ఉన్నచోట కిరణాలు లోపల తగిలి నాలుగు దిక్కులకూ చెదురుతవి. ఆ చెదురు కిరణాలే ఈ మసక. కావలసిన భాగానికి మాత్రమే కిరణాలు పడేటట్లు ద్వారం చిన్నది చేయవలెను. పది సెంటీమీటర్లకు మించిన మందం ఉంటే గ్రిడ్ అనే సీసపు చారల పలకను వాడవలెను. గ్రిడ్ పెడితే కిరణాలు పెంచాలి. గ్రిడ్ ఒకవైపు వాలితే బొమ్మ ఒక పక్క తెల్లబడుతుంది.

ఫిలిము వాడే ఆసుపత్రులలో ఈ మసకకు చీకటి గది కూడా కారణమవుతుంది. చేత్తో కడిగేచోట డెవలపరు ఇరవై డిగ్రీల వేడిలో ఉంటే బాగా పనిచేస్తుంది. మన ఎండాకాలంలో తొట్టి నీళ్లు ముప్పై దాటుతవి. అప్పుడు ఐసుగడ్డలను డెవలపరులో వేయరాదు. అది పలచబడిపోతుంది. తొట్టి చుట్టూ ఉన్న నీళ్లలో వేయవలెను. పొట్లంమీద వేడికి తగిన కాలం ఇంత అని రాసి ఉంటుంది, దానినే పాటించండి. గోధుమరంగుకు తిరిగిన డెవలపరును మార్చివేయండి. ఎర్రదీపం మంచిదో కాదో తెలియాలంటే, ఆ వెలుతురులో కొత్త ఫిలిముమీద ఒక నాణెం పెట్టి రెండు మూడు నిమిషాలు ఉంచి కడగండి. నాణెం ఆకారం పడితే దీపం పనికిరాదు, లేదా తలుపు సందులనుంచి వెలుతురు వస్తున్నది.

నాలుగవది, లేనివి ఉన్నట్లు కనిపించడం. ఇందులో రైతు వంతు ఎక్కువ. గిట్టల సందున ఎండిన బురద బొమ్మలో ఎముక ముక్కలాగా కనిపిస్తుంది. కాలు వాచినప్పుడు సున్నపు పట్టు వేస్తాము. సున్నంలో ఉన్నది కాల్షియం, ఎముకలో ఉన్నదీ కాల్షియమే! రెండూ తెల్లగానే పడతవి. అయొడిను మందు, జింకు కలిపిన లేపనాలు కూడా అంతే. తడి వెంట్రుకలు చారలుగా పడతవి. గిట్టకు కొట్టిన ఇనుప నాడా వెనుక ఉన్న ఎముకను పూర్తిగా మూసివేస్తుంది. కాబట్టి కాలు కడిగి, గిట్టల సందు శుభ్రం చేసి, బాగా ఆరిన తర్వాత పశువును తీసుకురండి. నాడా తీయాలో వద్దో డాక్టరుగారిని అడగండి. అయితే విరిగినదని అనుమానం ఉన్న కాలికి కట్టిన దబ్బలను మీరుగా విప్పవద్దు. కదిలిస్తే ఎముక చర్మాన్ని చీల్చుకొని వస్తుంది.

ప్రతి ఫిలిములోనూ ఒకేచోట తెల్లచుక్కలు కనిపిస్తే అది కాసెట్టు లోపలి తెరమీద దుమ్ము. కాసెట్టులకు నెంబర్లు వేసుకుంటే ఏది మురికిదో ఇట్టే దొరుకుతుంది.

అయిదవది, బొమ్మ బాగున్నా పగులు కనిపించకపోవడం. పగులు గుండా కిరణం సూటిగా పోతేనే గీత పడుతుంది. అందువల్ల ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, రెండు బొమ్మలు తీయవలెను. పొడుగు ఎముకకైతే పైకీలు, కిందికీలు రెండూ బొమ్మలోకి రావాలి. వెంట్రుకవాసి పగులు మొదటిరోజు కనిపించకపోవచ్చు. కుంటు తగ్గకపోతే వారం పదిరోజుల తర్వాత మళ్లీ తీయించండి. ఈలోగా పగులు అంచులు కరిగి గీత తేటపడుతుంది.

ఇప్పుడు చాలాచోట్ల ఫిలిము పోయి కంప్యూటరు తెరమీద బొమ్మ వస్తున్నది. ఇందులో చీకటి గది బాధ లేదు గాని, ఒక మోసం ఉన్నది. కిరణాలు తక్కువైనా ఎక్కువైనా కంప్యూటరు వెలుగును సర్ది చూపుతుంది. తక్కువైతే ఇసుక చల్లినట్లు గరుకుగా ఉంటుంది. ఎక్కువైతే బొమ్మ నున్నగా, అందంగా ఉంటుంది. అందుకని తెలియకుండానే మోతాదు పెరిగిపోతుంది. బొమ్మ పక్కన కిరణాల మోతాదు సూచించే అంకె వస్తుంది. ప్రతిసారీ దానిని చూడవలెను. వాడకుండా ఒకరోజుకు మించి ఉంచిన పలకను తీసుకునేముందు ఒకసారి చెరిపివేయవలెను. లేకుంటే పాత నీడలు కలుస్తవి. ఎండలో నిలబడి తెర చూడవద్దు. విస్తరణ కార్యకర్తలు ఫిలిమును సెల్‌ఫోనుతో ఫోటో తీసి పంపుతున్నారు. సన్నని పగులు అందులో పోతుంది. వీలైనంతవరకు అసలు ఫిలిమును, లేదా కంప్యూటరులోని అసలు ఫైలును పంపండి.

ఎంత చేసినా చిన్న మిషనుతో కాని పనులు ఉన్నవి. మోకాలు దిగువ భాగాలకు అది చాలు. కాని గేదె తీగముక్క మింగి, అది తేనెపట్టులాంటి పొట్ట అరలో గుచ్చుకున్నదని అనుమానం వస్తే, అంత మందం గుండా పోవడానికి శక్తిగల పెద్ద మిషను కావలెను. అవి సాధారణంగా పశువైద్య కళాశాలల ఆసుపత్రులలో ఉంటవి. చిన్న మిషనుతో పదేపదే ప్రయత్నించి పొద్దు పుచ్చడంకంటె పశువును అక్కడికి పంపడమే మేలు.

చివరగా ఒక ముఖ్యవిషయం. బొమ్మ చెడితే మళ్లీ తీయాలి. మళ్లీ తీస్తే మనుషులకు కిరణాలు మళ్లీ తగులుతవి. ముకుతాడు పట్టుకునే మనిషి సీసపు ఏప్రాను తొడుక్కొని, పలుపు పొడవుగా వదిలి, ఎడంగా నిలబడవలెను. ఏప్రాను చెదురు కిరణాలను ఆపగలదు గాని, నేరుగా వచ్చేవాటికి అడ్డు కాదు. కాసెట్టును చేత్తో పట్టుకోరాదు. పొడుగుపిడి ఉన్న చట్రంలో పెట్టవలెను. గర్భిణీ స్త్రీలు, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు ఆ దరిదాపులకు రాకూడదు. పశువు మరీ బెదురుతుంటే డాక్టరుగారు మత్తుసూది ఇస్తారు. మేత ఎప్పుడు ఆపాలో ముందుగా అడగండి. చూడి పశువైతే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. కొన్ని మత్తుమందులు చూడికి పడవు. ఎక్స్‌రే తీసిన ఆవు పాలు తాగవచ్చునా అని కొందరు అడుగుతారు. కిరణాలు పాలలో నిలవవు. భయం లేదు. అయితే మత్తుసూది ఇస్తే మాత్రం పాలు ఎన్నాళ్లు వాడరాదో డాక్టరుగారిని అడగండి.

బొమ్మ చెడినప్పుడు ఒక్కసారిగా అన్నీ మార్చవద్దు. ఒక్కటి మార్చి చూడండి, ఫలితాన్ని పుస్తకంలో రాయండి. పశువు, భాగం, మందం, దూరం, పెట్టిన అంకెలు, బొమ్మ ఎట్లా వచ్చినదీ రాసి ఉంచితే, కొన్ని నెలల్లో ఆ ఆసుపత్రికి తన సొంత పట్టిక తయారవుతుంది. తర్వాత వచ్చే ఒంగోలు గిత్తకు గాని, ముర్రా గేదెకు గాని మొదటి బొమ్మే సరిగా వస్తుంది. ఎద్దును కాడికి కట్టాలో, కట్టు కట్టించాలో ఆ రోజే తేలిపోతుంది.