గుడ్డు రంగు ఫొటోలో ఎందుకు మారిపోతుంది? ఫోన్‌తోనే కరెక్ట్‌గా తీయడం ఇలా!

మా పిన్ని పెరట్లో నాటుకోళ్లు పెంచుతుంది. ఇంట్లోకి పోగా మిగిలిన గుడ్లను పక్క అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి అమ్ముతుంది. పోయిన నెల ఫొటో తీసింది నేనే. వంటింట్లో, పసుపు బల్బు కింద తీశా. ఫొటోలో గుడ్లు ముదురు గోధుమ రంగులో మెరిసిపోయాయి. తీరా చేతికి అందినవి లేత మీగడ రంగు. "ఫారం గుడ్లు కలిపారా ఆంటీ?" అని ఒకావిడ అడిగేసరికి పిన్ని ముఖం చిన్నబోయింది. "ఏరా, నీ ఫోన్ నా పరువు తీసిందిరా" అంది.

మర్నాడు వరండా నీడలో, ఫ్రేమ్ నిండా గుడ్లు పెట్టి మళ్లీ తీశా. ఈసారి పాలిపోయి నిజంగానే ఫారం గుడ్లలా వచ్చాయి! అదే ఫోన్, అవే గుడ్లు. మరి తేడా ఎక్కడ వచ్చింది?

ఫోన్ ఏం చేస్తోంది?

ప్రతి వెలుగుకీ ఒక రంగు ఉంటుంది. దాన్ని కెల్విన్‌లో కొలుస్తారు. సుమారుగా ఇలా:

- పసుపు బల్బు: 2700 కెల్విన్
- మధ్యాహ్నం ఎండ: 5500 కెల్విన్
- మబ్బు పట్టిన రోజు, కూల్ డే లైట్ ఎల్‌ఈడీ: 6500 కెల్విన్
- ఎండ పడని నీడ: 7000 నుంచి 8000 కెల్విన్

మన కళ్లు ఈ తేడాకు వాటంతటవే సర్దుకుంటాయి. ఫోన్‌లో ఆ పని ఆటో వైట్ బ్యాలెన్స్ చేస్తుంది. కానీ అది చేసేది అంచనా మాత్రమే. ఫ్రేమ్ మొత్తం గోధుమ రంగే ఉంటే, "లైట్ పసుపుగా ఉందేమో" అనుకుని నీలం కలుపుతుంది. గుడ్లు పాలిపోతాయి. నీలి గుడ్లయితే దీనికి రివర్స్: వెచ్చదనం కలిపి తెల్లగా చూపిస్తుంది. బల్బు కింద మాత్రం చాలా ఫోన్లు కొంత పసుపును కావాలనే వదిలేస్తాయి. పైగా ఏఐ సీన్ మోడ్ "ఇది ఫుడ్" అనుకుని రంగులు ఇంకా పెంచేస్తుంది.

ఎక్స్‌పోజర్ కూడా మోసం చేస్తుంది. దేన్నైనా మధ్యస్థ వెలుగుకు తేవాలని కెమెరా చూస్తుంది. అందుకే తెల్ల గుడ్లు బూడిద రంగులోకి, ముదురు గుడ్లు లేత రంగులోకి జారతాయి.

సరిగ్గా తీయాలంటే

1. ఒకే లైట్ వాడండి. కిటికీ వెలుగు, బల్బు రెండూ కలిస్తే గుడ్డుకి ఒకవైపు నీలం, ఇంకోవైపు పసుపు పడుతుంది. దాన్ని ఏ సెట్టింగూ సరిచేయలేదు. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన, ఇంట్లో లైట్లన్నీ ఆపేసి తీయడం బెస్ట్.

2. ఎల్‌ఈడీ తప్పకపోతే సీఆర్‌ఐ 90 పైన ఉన్నది తీసుకోండి. నాసిరకం ఎల్‌ఈడీ వెలుగులో ఎరుపు తక్కువ. గోధుమ పెంకు చప్పగా కనిపిస్తుంది.

3. ఎర్ర ప్లాస్టిక్ ట్రే, పచ్చ టేబుల్ క్లాత్ వద్దు. ఆ రంగు పెంకు మీద పడుతుంది. బూడిద రంగు గుడ్డ చాలు. గుడ్లు తడిగా ఉంటే ముదురుగా కనిపిస్తాయి, ఆరాక తీయండి.

4. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను కెల్విన్‌లో మీరే సెట్ చేయండి. స్క్రీన్ మీద గుడ్డు, చేతిలో గుడ్డు పక్కపక్కన పెట్టి సరిచూడండి. ముందు డిస్‌ప్లేని 'వివిడ్' నుంచి 'నేచురల్'కి మార్చి, ఐ కంఫర్ట్ ఆపేయడం మర్చిపోవద్దు. లేకపోతే ఆ పోలికే తప్పు.

5. లైట్ల కింద ఫొటోలో చారలు వస్తే షట్టర్ స్పీడ్ 1/50 లేదా 1/100 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలాసార్లు ఇది సరిపోతుంది.

6. ప్రో మోడ్ లేదా? గుడ్ల పక్కన గ్రే కార్డ్ పెట్టి తీయండి. తర్వాత స్నాప్‌సీడ్‌లో వైట్ బ్యాలెన్స్ తెరిచి, ఐడ్రాపర్‌తో ఆ కార్డును ట్యాప్ చేయండి. తెల్ల కాగితం వాడొద్దు. అందులో తెలుపు పెంచే రసాయనాలుంటాయి, పగటి వెలుగులో అది నీలంగా కనిపిస్తుంది.

నీలి గుడ్లకి ఇంకో టెస్ట్

అమెరికాలో పెరటి కోళ్లు పెంచేవాళ్లకి అమెరౌకానా నీలి గుడ్లు, మారాన్స్ చాక్లెట్ రంగు గుడ్లు తెలిసినవే. నీలం రంగు పెంకు లోపలి దాకా ఉంటుంది. గోధుమ రంగు చివర్లో పైపైన పడుతుంది. ఫొటోలో నీలమో తెలుపో తేలకపోతే, పగిలిన పెంకు లోపలి వైపు కూడా ఒక ఫొటో తీసి పెట్టండి.

చివరికి పిన్ని ఫొటో ఏమైంది?

కిటికీ పక్కన మూడోసారి తీశా. ఈసారి నాటుగుడ్ల మధ్య ఒక తెల్ల ఫారం గుడ్డు పెట్టా. అది తెల్లగా కనిపిస్తే పక్కవాటి రంగు కూడా నిజమేనని చూసేవాళ్లకి అర్థమవుతుంది. ఒక్క మాట: రంగు చూసి గుడ్డు నాటుదో కాదో తేల్చలేం, గోధుమ రంగు ఫారం గుడ్లూ ఉన్నాయి. ఫొటో చేయగలిగింది ఒక్కటే, చూపించిందీ ఇచ్చిందీ ఒకేలా ఉంచడం. ఈసారి ఫొటో మునుపటంత మెరవలేదు. కానీ గుడ్లు అందుకున్నాక ఎవరూ పిన్నిని ఏమీ అడగలేదు.