ఆనకట్ట పండుగ ఘాట్ దగ్గరే ఆగకూడదు

2027లో రాజమహేంద్రవరానికి రెండు సందర్భాలు జంటగా వస్తున్నాయి. జూన్ నెలాఖరులో గోదావరి పుష్కరాలు. అదే ఏడాది ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి 175 ఏళ్లు. పుష్కరాలను ఎవరూ మరిచిపోరు. ఆనకట్ట సంగతే ఆ జనసందోహంలో దాన్ని కట్టించిన ఇంజనీరు కాటన్ దొర విగ్రహానికి ఒక దండ, వేదిక మీద నాలుగు ప్రసంగాలతో ముగిసిపోతుందేమోనని భయం.

గోదావరి పక్కనే ఉండి గొంతెండిన నేల ఇది. 1832-33 కరువు, 1839 ఉప్పెన జనాన్ని ఊడ్చేశాయి. 1821లో సుమారు 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. దాంతోపాటే శిస్తూ తగ్గింది. కంపెనీ సర్కారును కదిలించింది జనం ఆకలికన్నా ఆ శిస్తు నష్టమేనని చెప్పుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు. అంతమాత్రాన ఆర్థర్ కాటన్ రుణం తగ్గదు. 1844లో ఆయన ఆనకట్ట కట్టాలని నివేదిక ఇచ్చాడు. 1847లో పని మొదలైంది. 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర నాలుగు పాయలకూ అడ్డంగా కట్ట లేచింది.

అక్కడ నది అడుగున ఉన్నది ఇసుక. ఇసుక మీద పునాది నిలబెట్టే విద్యను కావేరి మీద చోళుల నాటి కల్లణై నుంచి నేర్చుకున్నామని కాటన్ దాచకుండా చెప్పాడు. ఆయన వెంట నిలిచి పని నడిపించిన వీణం వీరన్న మనవాడు. ధవళేశ్వరం కొండ రాయి కొట్టి, మోసి, సున్నం కలిపిన వేలాది కూలీల పేర్లు మనకు మిగల్లేదు. కాటన్‌ను తలుచుకుంటూ గోదావరిలో స్నానం చేసే సంప్రదాయం ఉన్న ప్రాంతంలో, ఆ కూలీలకు కనీసం ఒక రాతి ఫలకమైనా లేకపోతే ఈ వేడుక సగమే.

ఇప్పుడు మనం వాహనాల్లో దాటుతున్న బ్యారేజీ 1852 నాటిది కాదు. అది 1970లో మొదలుపెట్టి 1982 నాటికి కట్టుకున్నది. మరి 175 ఏళ్లుగా తెగకుండా నడుస్తున్నదేమిటి? కాలువ. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో కలిపి సుమారు 10 లక్షల ఎకరాలకు అందుతున్న నీరు. కాబట్టి పండుగ కాలువ వెంట నడవాలి. శివారు భూముల దాకా వెళ్లాలి.

దానికి తగిన కాలం కూడా ఉంది. మే 15 కాటన్ పుట్టినరోజు. ఆ రోజుల్లో కాలువలు కట్టేసి ఉంటాయి, మరమ్మతులు జరుగుతుంటాయి. నీళ్లు లేని వేళ లాకుల అడుగు, తూముల నోళ్లు, పాత రాతి కట్టుబడి బయటపడతాయి. ఏటా నిండుగా చూసే కాలువ ఎలా కట్టారో పిల్లలకు ఇంజనీర్లు దగ్గరుండి చూపించాలంటే అదే సమయం. ఒకప్పుడు ఈ కాలువల మీద పడవలు కాకినాడ నుంచి మద్రాసు వైపు సాగేవి. ఆ కథ లాకుల దగ్గరే, లస్కర్ల నోట వినాలి. జూన్‌లో నీళ్లు వదిలే రోజున ముగింపు పెట్టుకుంటే, పుష్కరాలకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

ఈ వ్యవధి గురించి పట్టుబట్టడానికి కారణం ఉంది. 2015 జులై 14న పుష్కరాల తొలిరోజే రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 25 మందికి పైగా చనిపోయారు. అందరినీ ఒకే ఘాట్‌కు, ఒకే ముహూర్తానికి పిలవడం ఎంత ప్రమాదమో ఈ ఊరికి వేరే చెప్పనక్కర్లేదు. పైగా జులై, ఆగస్టు గోదావరి వరద నెలలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. వేడుకను పది ఊళ్లకు పంచితే జనమూ పది చోట్లకు సర్దుకుంటారు.

వేడుకల సంఘం వేసేటప్పుడు నాయకులు, అధికారులతో ఆపేయకుండా నీటి సంఘాల రైతులను, కౌలు రైతులను, కోనసీమ శివారు ఆయకట్టు వారిని, పడవవాళ్లను కూర్చోబెట్టాలి. గౌతమీ గ్రంథాలయం, రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం చేతులు కలిపితే ప్రదర్శనకు వేరే ఎక్కడికీ పోనక్కర్లేదు. ఖర్చులో పెద్ద వాటా వేదికలకు, బాణసంచాకు పోకూడదు. గుర్రపుడెక్క తీయడం, కాలువల్లోకి మురుగు కలవకుండా ఆపడం, శిథిలమైన ఒకటి రెండు లాకులనైనా బాగుచేయడం ఈ వేడుక ఖాతాలోనే రాయాలి. బాణసంచా ఆ రాత్రితో పోతుంది, బాగుపడిన లాకు మిగులుతుంది.

డెల్టా ఇళ్లలో పాత నీటి తీరువా రసీదులు, పడవల ఫొటోలు, కాలువ పనుల కాగితాలు ఇంకా ఉన్నాయి. మీ అటక మీద అలాంటివి ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. దగ్గర్లోని గ్రంథాలయానికి తీసుకెళ్లి, నకలు తీయించి ఇవ్వండి. కాలువ మీద పనిచేసిన పెద్దలు ఇంట్లో ఉంటే ఈ వేసవిలోనే వారి మాటలు రికార్డు చేసి పెట్టండి.