రెండు రిజిస్టర్ల మధ్య తప్పిపోయే పిల్లలు

అటెండెన్సు రిజిస్టర్లో ఎర్ర సిరాతో గీత గీసి "లాంగ్ ఆబ్సెంట్" అని రాయడం ఉపాధ్యాయుడికి మామూలు పని. నేనూ ఎన్నోసార్లు రాశాను. పదేళ్ల కిందట ఏడో తరగతి కుర్రవాడొకడి పేరు మీద కూడా అలాగే గీత గీశాను. అతన్ని ఇక్కడ శీను అందాం. తండ్రి పోయాడు, తల్లి పని వెతుక్కుంటూ ఊరు విడిచింది, పిల్లవాడు బడికి రావడం మానేశాడు. నాకు తెలిసింది అంతే. ఏడాది దాటాక ఒక బాలల గృహం నుంచి టి.సి. పంపమని ఉత్తరం వచ్చింది. రైల్వే స్టేషన్లో దొరికిన శీను అన్నాళ్లూ అక్కడే ఉన్నాడు. టి.సి. లేదన్న సాకుతో చేర్చుకోవడం ఆలస్యం చేయరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతూనే ఉంది. అయినా ఆ కాగితం కోసమే అతన్ని ఏ బడీ చేర్చుకోలేదు.

నా రిజిస్టర్లో అతను లేడు. గృహం రిజిస్టర్లో అతను కొత్తగా వచ్చాడు. రెండూ అబద్ధాలు కావు. కాని ఆ రెండు నిజాల మధ్య ఒక పిల్లవాడి విద్యాసంవత్సరం కొట్టుకుపోయింది.

ఇలా వేర్వేరు కార్యాలయాల్లో చెల్లాచెదురుగా ఉన్న దస్త్రాలను ఒక మనిషి పేరు మీద కలిపి చదవడాన్ని రికార్డుల అనుసంధానం అంటున్నారు. సాహిత్య పత్రికలో ఈ లెక్కల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. దస్త్రం కూడా ఒక కథనమే అన్నది నా సమాధానం. దానికొక రచయిత ఉంటాడు, ఒక దృక్పథం ఉంటుంది, చెప్పకుండా వదిలేసిన భాగం ఉంటుంది. అమెరికాలో జనన మరణ గణాంకాల శాఖను నడిపిన హాల్బర్ట్ డన్ 1946లో ఈ భావనను వివరిస్తూ వాడిన పోలిక సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగిస్తుంది. ప్రతి మనిషికీ పుట్టుకతో మొదలై చావుతో ముగిసే ఒక జీవిత గ్రంథం ఉంటుందనీ, దాని పుటలను ఒక్కచోట కూర్చి కుట్టడమే అనుసంధానమనీ ఆయన అన్నాడు. పోలిక అందంగానే ఉంది. అయితే ఆ గ్రంథాన్ని ఎవరు కుడతారు, ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు అన్నవే అసలు ప్రశ్నలు.

కుట్టడమే అంత తేలిక కాదు. అందరికీ ఒకే సంఖ్య ఉంటే సరిపోల్చడం సులువు. లేనప్పుడు పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, చిరునామా పక్కపక్కన పెట్టి, ఇవన్నీ ఒకే మనిషివి కావడానికి ఎంత అవకాశం ఉందో లెక్క కట్టాలి. ఈ లెక్కకు 1969లో ఫెల్లెగీ, సంటర్ అనే ఇద్దరు గణిత రూపం ఇచ్చారు. మన అనుభవంలో పెట్టి చూస్తే ఇబ్బంది తెలుస్తుంది. ఇంట్లో శీను, బడిలో శ్రీనివాసులు, రేషన్ కార్డులో శ్రీనివాస్. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకొకచోట ఒట్టి పొడి అక్షరం. పుట్టిన తేదీ చెప్పలేని తల్లి వస్తే వయసు సరిపోయేలా జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసేది మేమే. ఇలాంటి దస్త్రాలను కలిపితే ఇద్దరు పిల్లలు ఒకరు కావచ్చు, ఒకరే ఇద్దరూ కావచ్చు.

దస్త్రాలు కలవకపోతే ఎంత ప్రమాదమో ఇంగ్లండులో విక్టోరియా క్లింబియే ఉదంతం చెబుతుంది. ఐవరీ కోస్టులో పుట్టిన ఈ బాలికను మంచి చదువు చెప్పిస్తానని ఒక బంధువురాలు తీసుకువచ్చింది. 1999లో లండన్ చేరిన పిల్ల 2000 ఫిబ్రవరిలో ఎనిమిదేళ్ల వయసులో చిత్రహింసలకు గురై చనిపోయింది. ఆ పదినెలల్లో ఆమె నాలుగు సాంఘిక సేవా శాఖలకూ, రెండు పోలీసు బాలరక్షణ బృందాలకూ, రెండు ఆసుపత్రులకూ తెలుసు. ఆమెను కాపాడగల అవకాశం కనీసం 12 సార్లు వచ్చి చేజారిందని విచారణ జరిపిన లార్డ్ లామింగ్ 2003 నివేదికలో తేల్చాడు. ఉపాధ్యాయుడిగా నన్ను కలచివేసే సంగతి ఒకటుంది. లండన్లో ఆ పిల్ల ఏ బడి రిజిస్టర్లోనూ లేదు. ఇంకొక సంగతి కూడా ఉంది. వేరొక పిల్ల పాస్‌పోర్టు మీద తీసుకువచ్చారు కనుక కార్యాలయాలన్నిటికీ ఆమె అన్నా అన్న పేరుతోనే తెలుసు. దస్త్రాలన్నీ ఒక్కచోట చేర్చినా అందులో ఆమె పేరు దొరికేది కాదు.

ఈ దారుణం తర్వాత వచ్చిన 2004 బాలల చట్టం కింద ఇంగ్లండులోని దాదాపు 1 కోటి 10 లక్షల మంది పిల్లల పేర్లు, చిరునామాలు, బడి, వైద్యుడు, వారితో పనిచేస్తున్న శాఖల వివరాలు ఒకే పట్టికలో చేర్చారు. కాంటాక్ట్‌పాయింట్ అనే ఆ పట్టికను ఏర్పరచడానికి 22 కోట్ల 40 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. లక్షల మంది ఉద్యోగులు చూడగలిగే పట్టికలో పిల్లలకు రక్షణ ఎక్కడిదన్న విమర్శ చెలరేగింది. ప్రభుత్వం మారగానే 2010 ఆగస్టులో దాన్ని మూసివేశారు. అవసరం మాత్రం మూతపడలేదు. ప్రతి పిల్లకూ ఒకే గుర్తింపు సంఖ్య ఉండాలన్న ప్రతిపాదనతో 2024 డిసెంబరులో మళ్లీ బిల్లు పెట్టవలసి వచ్చింది.

అనుసంధానం సాధించిన మేలు చూడాలంటే కాలిఫోర్నియాకు వెళ్లాలి. తల్లిదండ్రుల దగ్గర ఉండలేక ప్రభుత్వ సంరక్షణలో, పెంపుడు ఇళ్లలో పెరిగే పిల్లలు ఏ బడిలో ఎలా చదువుతున్నారో అక్కడి విద్యాశాఖకు తెలియదు. సాంఘిక సేవా శాఖకు పిల్లలు తెలుసుగాని మార్కులు తెలియవు. 2009-10 విద్యాసంవత్సరానికి ఈ రెండు శాఖల దస్త్రాలను కలిపి చూస్తే సుమారు 43 వేల మంది విద్యార్థులు బయటపడ్డారు. 2013లో వెలువడిన ఆ పరిశీలన ప్రకారం పన్నెండో తరగతి పిల్లల్లో రాష్ట్రమంతటా 84 శాతం పట్టభద్రులైతే, వీరిలో 58 శాతమే అయ్యారు. ఏడాది పొడవునా ఒకే బడిలో ఉన్నది మూడింట రెండు వంతుల మందే. పేదరికం ఒక్కటే కారణం కాదని కూడా తేలింది. బీద కుటుంబాల పిల్లలలో నూటికి 90 మందికి పైగా ఒకే బడిలో నిలిచారు. ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి మార్చినప్పుడల్లా బడి మారుతోంది. బడి మారినప్పుడల్లా పాఠం తెగుతోంది.

అంకె తెలిశాక ఏం చేశారన్నది ముఖ్యం. 2013లోనే వచ్చిన నిధుల చట్టం ఈ పిల్లలను ప్రత్యేక వర్గంగా గుర్తించి, వారి చదువుకు ప్రతి విద్యాజిల్లా లక్ష్యాలు పెట్టుకుని లెక్క చెప్పాలంది. ఇల్లు మారినా పాత బడిలోనే కొనసాగే హక్కు, కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలన్న నియమం అంతకుముందే 2004 నుంచి అమలులో ఉన్నాయి. అయితే ఆ హక్కు ఏ పిల్లకు వర్తిస్తుందో బడికి తెలిసినప్పుడే కదా దానికి అర్థం! తేడా ఇప్పటికీ పూడలేదు. కాని లేదని బుకాయించే వీలు మాత్రం పోయింది.

ఇక నాణేనికి రెండో వైపు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ నగరం ఉన్న అలెఘనీ కౌంటీలో 1999 నుంచీ ఇలాంటి దస్త్రాల భాండాగారం ఉంది. 2016 ఆగస్టు నుంచి, పిల్లను సరిగా చూడడం లేదని ఎవరైనా ఫోను చేస్తే, కంప్యూటరు ఆ కుటుంబం దస్త్రాలన్నీ తిరగేసి 1 నుంచి 20 వరకు ఒక అంకె ఇస్తోంది. విచారణకు వెళ్లాలా వద్దా అని నిర్ణయించే ఉద్యోగికి అది సహాయం మాత్రమేనంటారు. చిక్కు ఎక్కడుందో వర్జీనియా యూబ్యాంక్స్ 2018లో తన పుస్తకంలో చూపించింది. ప్రభుత్వ సహాయం తీసుకున్నవాళ్ల దస్త్రాలే ప్రభుత్వం దగ్గర ఉంటాయి. ఉన్నవాళ్లు ప్రైవేటు వైద్యుడి దగ్గరకు వెళతారు, వాళ్ల తాగుడూ కొట్లాటలూ ఏ భాండాగారానికీ ఎక్కవు. లేనివాడు చేయి చాచిన ప్రతిసారీ ఒక పుట చేరుతుంది. అలా పేదరికమే నేరానికి ఆనవాలుగా మారుతుంది. ఇదే తరహా పనిముట్టును ఆరెగాన్ రాష్ట్రం 2022లో పక్కన పెట్టింది.

ఈ రెండింటి మధ్య భేదాన్ని మనం స్పష్టంగా గుర్తించాలి. యంత్రం ఒకటే, సమాచారమూ ఇంచుమించు ఒకటే. కాలిఫోర్నియాలో దస్త్రం ప్రభుత్వాన్ని ప్రశ్నించింది: నీ సంరక్షణలో ఉన్న పిల్లకు నువ్వేం చేశావు? అలెఘనీలో దస్త్రం కుటుంబాన్ని ప్రశ్నించింది: నువ్వెంత ప్రమాదకారివి? దస్త్రం ఎవరి వైపు వేలు చూపుతుందన్న దాన్నిబట్టి అది రక్షణ అవుతుంది, లేదా నిఘా అవుతుంది. తెలంగాణ పోలీసులు 2018లో తెచ్చిన దర్పణ్ పద్ధతి, తప్పిపోయిన పిల్లల ఫొటోలను గృహాల్లోని పిల్లల ముఖాలతో పోల్చి చూస్తుంది. పిల్లను తల్లి ఒడికి చేర్చినంతవరకు అది మేలే. అయితే ఆ ముఖం పట్టికలో ఎన్నేళ్లుంటుంది, మరే పనికి వాడతారు అని అడగడం మన బాధ్యత.

మరి రచయితకు ఇందులో పనేమిటి? బ్రిటిష్ కవి లెమ్ సిస్సే జీవితం జవాబు చెబుతుంది. 1967లో ఒక ఇథియోపియా యువతికి పుట్టిన ఈయనకు సాంఘిక సేవా ఉద్యోగి నార్మన్ అని తన పేరే పెట్టాడు. పెంపుడు ఇంట్లో, ఆ తర్వాత గృహాల్లో పెరిగాడు. తన బిడ్డను తనకివ్వమని తల్లి రాసిన ఉత్తరం దస్త్రంలోనే ఉండిపోయింది. ఏళ్ల తరబడి పోరాడితే 2015లో గాని పూర్తి దస్త్రాలు ఆయన చేతికి రాలేదు. 2019లో రాసిన ఆత్మకథలో ఆ కాగితాలను అచ్చువేసి, వాటి పక్కన తన మాట చేర్చాడు. తన జీవిత గ్రంథాన్ని తానే కుట్టుకున్నాడు. అమ్హారిక్ భాషలో లెమ్ అంటే ఎందుకు అని అర్థం.

మన కథల్లో అనాథ పిల్లలు తరచు కన్నీటికి పనికొచ్చే పాత్రలుగానే మిగిలిపోతున్నారు. జాలి చూపించడం తేలిక. ఆ పిల్లను ఏ గుమాస్తా ఏ మాటల్లో రాశాడో, ఏ గడి ఖాళీగా వదిలాడో చూడడం కష్టం. సామాజిక వాస్తవికత అక్కడ మొదలవుతుంది. దస్త్రాలు కలవాలి. కలిపిన దస్త్రాన్ని చదివే మొదటి హక్కు, సరిదిద్దే హక్కు ఆ పిల్లకే ఉండాలి.

ఉత్తరం వచ్చిన రోజునే నేను టి.సి. రాసి పంపాను. అందులో బడి విడిచిన కారణం అనే గడి ఒకటి ఉంటుంది. "దీర్ఘకాలం గైరుహాజరు" అని రాశాను. అది అతను బడి విడిచిన కారణం కాదు, మేము అతన్ని వెతకలేదన్న సంగతికి మరో పేరు. ఆ గడిలో ఏం రాసి ఉండవలసిందో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.