ఇసుకలో పరుగెడితే అంత ఆయాసం ఎందుకు?

రోడ్డు మీద హాయిగా పరుగెత్తేవాళ్లు కూడా విశాఖ ఆర్కే బీచ్‌లో పొడి ఇసుకలోకి దిగితే కాసేపటికే రొప్పుతారు. ఎందుకు?

గట్టి నేలను కాలితో తోస్తే అది కదలదు, మనమే ముందుకు వెళతాం. పొడి ఇసుక రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని ఉండవు. కాలు మోపగానే పక్కలకు జారిపోతాయి. మన శక్తిలో కొంత వాటిని జరపడానికే ఖర్చయిపోతుంది. పైగా పిక్కను మడమకు కలిపే స్నాయుబంధనం గట్టి నేల మీద స్ప్రింగులా సాగి, ముడుచుకుంటూ కొంత శక్తిని తిరిగి ఇస్తుంది. ఇసుకలో ఆ సాయం తగ్గుతుంది. 1998లో బెల్జియం శాస్త్రవేత్తలు కొలిచి చూశారు: ఇసుకలో పరుగుకు గట్టి నేల మీద కన్నా 1.6 రెట్లు శక్తి కావాలి. నడకకైతే రెండు రెట్లకు పైనే!

అలలు తడిపిన చోట అంత కష్టం ఉండదు. రేణువుల మధ్య చేరిన కొద్దిపాటి నీరు వాటిని పట్టి ఉంచుతుంది. కొత్తవాళ్లు అక్కడే మొదలుపెట్టాలి. కానీ ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది కదా, ఎంత దూరం వెళ్లారో అంతే దూరం అదే దారిలో తిరిగి పరుగెత్తుకుంటూ రండి. అప్పుడు రెండు కాళ్లకూ సమానంగా పని పడుతుంది. గాజుపెంకులు లేని చోటు చూసుకోండి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, విశాఖ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు చాలా ప్రమాదకరం.

పరుగే కాదు, ఇసుకలో ఆటలూ ఆడొచ్చు. నన్నడిగితే అన్నిటికన్నా సరదా కబడ్డీయే. పడినా ఇసుక మెత్తగా ఆపుతుంది. 2008లో బాలిలో జరిగిన ఆసియా బీచ్ క్రీడల్లోనూ బీచ్ కబడ్డీ ఆడారు!